మంగళవారం మనిషి

ఆ ఉదయం హాల్వర్ వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు, ఆరోజు బుధవారం కావడం తప్ప. ముందురోజు దవడపన్ను పీకించుకుని మూలుగుతూ పడుకోవడంతో ఇన్నేళ్లలో మొదటిసారి అతని మంగళవారం తప్పిపోయింది. ఒక్కరోజు అటూఇటూ అయితే కొంపలేం మునుగుతాయిలే అనుకుని గాలం కర్ర తీశాడు.

మోంటానా కొండల్లోని ఆ ఊళ్లో మగవాళ్లు భార్య వయసైనా చెబుతారు గానీ ట్రౌట్ చేప పడే చోటు మాత్రం చెప్పరు. పోనీ పట్టిన చేపను తింటారా అంటే అదీ లేదు. తడి చేతుల్లోకి తీసుకుని, కాసేపు మురిసిపోయి, మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. వదిలేసే చేపకు అంత గుట్టెందుకని అడిగేవాడు ఆ ఊరివాడు కాడు.

హాల్వర్‌కు ఆ గుట్టు ఇచ్చింది ఎమిల్ ముసలాయన. వంతెనకు ఎగువన, బండల మలుపు దాటాక లోతైన మడుగొకటి ఉంది. చలికాలమంతా ట్రౌట్లు అక్కడే చేరి బద్ధకంగా పడి ఉంటాయి. "నీకొక్కడికే చూపిస్తున్నా. మంగళవారం తప్ప రాకు. మిగతా రోజులు చేపలకు విశ్రాంతి," అని ఎమిల్ మాట తీసుకున్నాడు. మొన్న ఆకురాలు కాలంలో ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. హాల్వర్ ఏడుపులో మాత్రం కాస్త గర్వం కూడా కలిసింది. అంతమందిలో ఆయన నమ్మింది తననొక్కణ్ణే. ఆ నమ్మకం నిలబెట్టడం తప్ప ఇక ఆయనకు చేయగలిగింది ఏముంది?

అందుకే భార్య లవీనాతో కూడా వంతెన దగ్గరికే వెళ్తున్నానని చెప్పాడు. బండి నిజంగానే అక్కడ ఆపాడు, చేపలుండని వంతెన కింద ఎవరు గాలం వేసి చూసినా నష్టం లేదు కనుక. అక్కడినుంచి మంచులో అడుగుల జాడ పడకుండా నీళ్లలోకి దిగి, ఒడ్డువెంబడి నీళ్లలోనే ఎగువకు నడిచాడు.

మడుగు ఎప్పటిలాగే అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉంది. దోమంత ఎరను నీటిమీదికి విసిరాడు. నాలుగు విసుర్లకే కర్రమీద దారం దూరే ఉంగరాల్లో నీరు గడ్డకట్టింది. ఉంగరాన్ని నోట్లో పెట్టి ఆ మంచు కరిగించడం అతని అలవాటు. ఈసారి సరిగ్గా పన్ను పీకిన వైపు పెట్టుకున్నాడు. ప్రాణం జివ్వుమని తల విదిలించేసరికి ఎర్ర ఊలు టోపీ ఎగిరి నీళ్లలో పడింది. అదే క్షణంలో పెద్ద చేపొకటి ఎరవైపు కదిలింది. టోపీ వెంట పడితే చేప బెదురుతుంది. పోతే పోనీ, లవీనా ఇంకోటి అల్లుతుందిలే అని వదిలేశాడు.

టోపీ తాపీగా వంతెన చేరి మంచుపెళ్లకు చిక్కుకుంది. రోడ్డుమీది మంచు తీసే రూబెన్ దాన్ని చూశాడు. పక్కనే హాల్వర్ బండి. బండినుంచి నీళ్లలోకి వెళ్లిన అడుగులున్నాయి, తిరిగొచ్చినవి లేవు. రూబెన్ వెంటనే రేడియోలో కబురు పెట్టాడు. టోపీ దొరికిందన్న మాట ఊళ్లోకి చేరేసరికి దాని కింద తల కూడా చేరింది. చర్చి ఆడవాళ్లు చావింటికి పంపే బంగాళదుంపల వంటకాన్ని అప్పుడే పొయ్యికెక్కించారు. జనం దిగువంతా గాలిస్తుంటే, కొందరు మాత్రం ఎగువ తాము చూసొస్తామని ఎవరికి వారు జారుకున్నారు.

మడుగు దగ్గర హాల్వర్‌కు తన పేరు వినిపించింది. గొంతు క్లేటన్‌ది. హాల్వర్ ఎక్కడ గాలం వేస్తాడో ఆరా తీయడమే క్లేటన్‌కు ఏళ్లుగా పని. ఇప్పుడు పేరుపెట్టి పిలిచి పట్టుకుందామనుకుంటున్నాడా అనుకుని, హాల్వర్ పొదల చాటుకు దూరాడు. పిలుపు దగ్గరైనకొద్దీ ఇంకా వంగాడు. రొమ్ముదాకా ఉన్న రబ్బరు ప్యాంటు పైనుంచి చన్నీళ్లు లోపలికి దిగాయి. పళ్లు టకటకలాడుతుంటే నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. ఎమిల్‌కిచ్చిన మాట ముందు చలి ఎంత?

క్లేటన్ చెట్లలోంచి వచ్చి, కిందికి చూడకుండానే మడుగులోని చదును రాయిమీద కాలు పెట్టాడు. అక్కడ జారని రాయి అదొక్కటే. కొత్తవాడికి అది తెలిసే వీలు లేదు. అంతలో రెండోవైపునుంచి, అడుగుల జాడ పడకుండా నీళ్లలో నడుచుకుంటూ రూబెన్ వచ్చాడు.

"నువ్విక్కడికెలా వచ్చావ్?" అన్నాడు క్లేటన్.

"దారి తప్పి. నువ్వో?"

"నేనూ అంతే."

"మీరిద్దరూ తప్పుకోండి. ఆ పొదలో చూశారా?" అంటూ గట్టుమీదినుంచి లవీనా దిగింది. ఆమె వచ్చిన అడ్డదారి హాల్వర్‌కు కూడా తెలియదు.

భర్తను కాలర్ పట్టి బయటికి లాగింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. తన కోటు అతనికి కప్పి, వీపుమీద ఒక్కటిచ్చింది.

"నీకీ చోటెలా తెలుసు?" అని వణుకుతూనే అడిగాడు.

"ఎమిల్ చూపించాడు. నాకొక్కదానికే అన్నాడు. శుక్రవారాలు."

శుక్రవారాలు ఆమె చర్చిలో బొంతలు కుట్టే రోజులు. ఇన్నేళ్లలో ఒక్క బొంతైనా ఇంటికి రాలేదన్న సంగతి హాల్వర్‌కు అప్పుడు తట్టింది.

"నాది శనివారం," అన్నాడు రూబెన్ నేలచూపులు చూస్తూ.

"ఇవాళ బుధవారంరా హాల్వర్," అన్నాడు క్లేటన్. "ఇది నా రోజు."

హాల్వర్‌కు ముందు కడుపు మండింది. తనొక్కణ్ణే నమ్మాడనుకున్న మనిషి ఊరందరికీ పంచిపెట్టాడు. మడుగువైపు చూస్తూ నిలబడ్డాడు. చేపలు ఎప్పటిలాగే కదలకుండా ఉన్నాయి. ఇన్ని మంగళవారాలు ఇక్కడ తానొక్కడే ఉండడం తన గుట్టువల్ల కాదు, వీళ్లు తమ మాట తప్పకపోవడం వల్ల. అది తోచాక ఎమిల్ పోయిననాటికన్నా ఎక్కువ ఏడుపొచ్చింది. ఈసారి అందులో గర్వమేమీ లేదు.

"మరి ఆదివారం ఎవరిది?" అన్నాడు రూబెన్.

"ఇంకెవరిది? ఆయనదే," అంది లవీనా. దాన్ని అలాగే ఖాళీగా ఉంచాలని ఎవరూ అనలేదు గానీ అందరూ తలూపారు.

వంతెన దగ్గర జనం చుట్టుముట్టి ఎక్కడ దొరికాడని అడిగితే, చాలా దిగువన అని నలుగురూ ఒక్కమాటే చెప్పారు. ఇద్దరు తప్ప అందరూ నమ్మారు. ఆ ఇద్దరిలో ఒకరిది సోమవారం, ఇంకొకరిది గురువారం.