ఓర్ఫా పొలంలో పేలిన ఒకే ఒక్క గుండు

స్లేటర్ ఫోర్క్ పోత గుండ్ల సంఘం నేల ఉడుతల మీద జరిపిన పోరాటంలో సంపూర్ణ విజయం సాధించిందని, సంఘ కార్యదర్శి హోదాలో, ఇందుమూలంగా ప్రకటించడానికి ఎంతో సంతోషిస్తున్నాను. ఈ విజయానికి మూలమైన గుండులో సీసం ఎంత, తగరం ఎంత, దాని వెనక మందు ఎంత అన్న పాళ్ళు ఈ నివేదిక చివర్లో ఇస్తాను. ముందే చూసేద్దామని పేజీ తిప్పేవారికి ఒక్క మనవి. కాస్త ఓపిక పట్టండి, మేము అయిదు నెలలు పట్టాం.

మా మోంటానాలో తుపాకి లేని ఇల్లుండదు. కానీ తుపాకి ఉన్నవాళ్ళంతా ఒకటి కాదు. దుకాణంలో తూటాల పెట్టె కొనుక్కుని కాల్చేసేవాళ్ళు ఒక రకం. సీసం తామే కరిగించి, అచ్చులో పోసి, గుండుకి తేనెమైనం పట్టించి, మందు తామే తూచి నింపుకునే మేము ఒక రకం. మా సభ్యుడు కొన్న తూటా పేల్చడమంటే, కొత్తల్లుడికి హోటలు క్యారేజీ తెప్పించి పెట్టినంత నామోషీ. పైగా ఉడుతలకి వాడేది సన్న గొట్టం తుపాకి. దాని గుండు బఠాణీ గింజంత. అందులో వెంట్రుకవాసి లోపమున్నా గుండు దారి తప్పుతుంది. పెద్ద గుండు పోయడం ఎవరికైనా వచ్చు, చిన్న గుండు పోయడానికి పెట్టి పుట్టాలి అంటారు మా అధ్యక్షుడు వెర్లిన్ టోస్ట్రుడ్. ఆయన ధాన్యం గోదాములో మేనేజరుగా రిటైరయ్యారు.

మార్చి నెల సమావేశానికి ఓర్ఫా లిండాల్ వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. భర్త పోయి మూడేళ్ళయింది. ముప్ఫై ఒక్క ఆవులు, వాటికి చలికాలం మేతనిచ్చే లూసర్న్ గడ్డి పొలం ఒకటి, అంతే ఆవిడ సంసారం. ఆ పొలంలో నేల ఉడుతలు పడ్డాయి. మొక్క లేచినంత మేర మేసేసి, మిగిలినచోట గోతులు తవ్వి పెట్టాయి.

"నాకు ప్రైజులు తెచ్చిపెట్టక్కర్లేదు నాయనా," అంది హాల్లో నిలబడి. "వాటిని సగానికి తగ్గించండి చాలు. జూన్ కోతకి గడ్డి చేతికి రాకపోతే చలికాలం ఆవుల్ని ఉంచుకోలేను. అవి పోయాక ఆ ఇంట్లో నాకేం పని?"

వెర్లిన్ లేచారు. టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నారు. "ఓర్ఫా లిండాల్ సమస్య మన సమస్య. ఈ సంఘం పుట్టిందే ఇలాంటి రోజు కోసం. ఆవిడ పొలంలోకి మనం పంపే గుండు ఈ జిల్లా ఇంతవరకూ చూడని గుండై ఉండాలి. ఆదరాబాదరాగా వెళ్ళి నాలుగు ఉడుతల్ని కొట్టి చేతులు దులుపుకుంటే, రేపు మన పిల్లలకి ఏం సమాధానం చెబుతాం?" అన్నారు. చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను మినిట్స్‌లో రాశాను. ఓర్ఫా కూడా కొట్టింది.

అక్కడికక్కడే గుండు ఎంపిక సంఘం ఏర్పడింది. వంద గజాల దూరాన కాగితం మీద అయిదు గుండ్లు కాలిస్తే, అయిదు చిల్లులూ బొటనవేలి గోరంత డైమ్ బిళ్ళ కింద దాగిపోవాలి. అలాంటి గుండు దొరికిన మరుసటి శనివారమే పొలంలో దిగాలని తీర్మానించాం.

దానికి ముందు మంచి సీసం కావాలి. మొదట మా కార్ల చక్రాలు వణక్కుండా అంచులకి తగిలించే సీసపు ముక్కలు పీకేశాం. అవి చాలక ఊళ్ళోవాళ్ళ కార్లవీ సేకరించాం. ఏప్రిల్ నాటికి మా ప్రధాన వీధిలో ఏ బండీ వణక్కుండా వెళ్ళేది కాదు. షెరీఫుగారు తన జీపు నలభై దాటితే పళ్ళు కొట్టుకుంటున్నాయని విచారణకి వచ్చి, బల్లమీద మెరుస్తున్న గుండ్లు చూసి, ఒకటి చేతిలోకి తీసుకుని, సభ్యత్వ రుసుము ఎంతని అడిగారు. ఆయన మా పన్నెండో సభ్యుడు.

ఆ సీసం మెత్తగా ఉందని తేలింది. మూతపడిన మా వారపత్రిక తాలూకు అచ్చు అక్షరాలు లైబ్రరీ అటకమీద భద్రంగా ఉండేవి. అక్షరాల సీసం గట్టిది. అవి కరిగించాం. ఇప్పుడు మరీ గట్టిపడింది, తగరం తక్కువయింది. లూథరన్ చర్చి ఆర్గన్ గొట్టాల్లో మేలైన తగరం ఉందని మా సభ్యుడు డెల్ హాగెన్ గుర్తు చేశాడు. పాస్టరుగారు ఒక పూట ప్రార్థన చేసుకుని, అన్నింటికంటే కింది స్వరం పలికే గొట్టాన్ని దానమిచ్చారు. అప్పటినుంచి కీర్తనలో ఆ స్వరం రావలసిన చోట మేమందరం కలిసి దగ్గుతున్నాం. కొత్తవాళ్ళు కూడా త్వరగానే అలవాటు పడుతున్నారు.

మే నెలలో సంఘం రెండుగా చీలింది. గుండు అడుగున చిన్న రాగి గిన్నె తొడగాలని వెర్లిన్, తొడిగితే అది పోత గుండే కాదని డెల్. వాళ్ళిద్దరూ బావా బావమరుదులు. ఊరి విందులో ఉడకబెట్టిన చిక్కుళ్ళ గంగాళాలు రెండు పెట్టించారు. రాగి గిన్నెవాళ్ళు ఈ గంగాళంలోది తింటే వట్టి అడుగువాళ్ళు ఆ గంగాళంలోది తిన్నారు. రెండూ వండింది వెర్లిన్ భార్యే. కార్యదర్శిని కాబట్టి నేను రెండింట్లోనూ తినవలసి వచ్చింది.

ఈలోగా గుండ్లని భూతద్దంలో చూసి ఏరడం, బంగారం తూచే తక్కెడలో తూచి ఏరడం, గట్టిదనం తెలియడానికి బొమ్మలు గీసేవాళ్ళ పెన్సిళ్ళతో గీకి ఏరడం శ్రద్ధగా సాగుతున్నాయి. వెయ్యి పోస్తే నలభై నిలిచేవి. మిగతావి మళ్ళీ మూకుట్లోకి వెళ్ళేవి. పని బ్రహ్మాండంగా సాగుతోందని ఓర్ఫాకి ప్రతి వారం కార్డు రాశాను.

జూన్ కోత అయిన మర్నాడు ఆవిడ మేము కాల్చే మైదానానికే వచ్చింది. మూడో వంతు గడ్డి కూడా రాలేదట. ఒక ఆవు ఉడుత గోతిలో కాలు పడి విరగ్గొట్టుకుంటే దాన్ని పోగొట్టుకోవలసి వచ్చిందట. బడిలో వెర్లిన్‌కి లెక్కలు చెప్పింది ఆవిడే కాబట్టి, అధ్యక్షుడన్న గౌరవం చూపలేదు.

"ఏరా వెర్లిన్, ఇంకా కాగితాన్నే కాలుస్తున్నావా?"

"పాళ్ళు ఇంకా కుదరలేదమ్మా. నిన్న అయిదింట్లో ఒకటి బిళ్ళ బయట పడింది."

"నీ ట్రక్కులో కొన్న తూటాల పెట్టె ఉంది. నేను చూశాను. వాటితో ఉడుత చావదా?"

వెర్లిన్ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "చస్తుంది. ఎందుకు చావదు? కానీ అలా చంపితే అది మన గొప్పెలా అవుతుందమ్మా?"

ఓర్ఫా తిరిగి వెళ్ళబోతూ ఆగింది. "సరే. మీరొచ్చేలోగా నాకో సాయం దొరికిందిలే. తూర్పు గట్టున బ్యాడ్జర్ ఒకటి కాపురం పెట్టింది. ముఖాన తెల్లచార, గునపాల్లాంటి గోళ్ళు. గొయ్యి తవ్వి లోపలున్నదాన్ని లాగి తింటోంది. రోజుకి రెండు మూడుకి తక్కువ లేదు. తూర్పు మడిలో మళ్ళీ గడ్డి లేస్తోంది. ఆగస్టు కోతకి ఆశ ఉంది." ఈ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగింది. సదరు జంతువు ఏ సంఘంలోనూ సభ్యత్వం లేనిదని నేను నమోదు చేసుకున్నాను.

జూలైలో రాజీ కుదిరింది. సగం రాగి గిన్నె, అంటే ఏమిటో నన్నడగకండి. వేడి గుండుని నీళ్ళ బక్కెట్లో జారవిడిచి గట్టిపరిచాం. అలా పోసిన గుండు ఆవకాయలా మూడు వారాలు ఊరితేగాని వాడకూడదు. ఊరబెట్టాం. ఆగస్టు ఇరవయ్యారున, గాలి లేని ఉదయం పూట, వెర్లిన్ కాల్చిన అయిదు గుండ్ల చిల్లులు డైమ్ బిళ్ళ కింద దాగడమే కాదు, చుట్టూ ఇంకా చోటు మిగిలింది. డెల్ వచ్చి బావని కావలించుకున్నాడు. నాకు కన్నీళ్ళు వచ్చాయి. దాచుకోవలసిన పని లేదు.

శనివారం పన్నెండు మందిమీ వణికే బండ్లలో ఓర్ఫా పొలానికి ఊరేగింపుగా వెళ్ళాం. బల్లలు, ఇసుక దిండ్లు, గాలి ఎటు వీస్తోందో చెప్పే రిబ్బన్లు అమర్చాం. రెండు గంటలు కాచుకున్నాం. ఒక్క ఉడుత కూడా తల ఎత్తలేదు.

మా వైపు నేల ఉడుతలు ఎండలు ముదరగానే గొయ్యిలోకి దిగి, మట్టితో తలుపు మూసుకుని, మళ్ళీ వసంతం దాకా నిద్రపోతాయి. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. నాకూ తెలుసు. అజెండాలో లేని విషయం ఎత్తడం సభామర్యాద కాదు కాబట్టి ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు తూర్పు గట్టున మట్టి కదిలింది. నిద్రపోతున్న ఉడుత ఇంట్లోకి దారి తవ్వుతూ, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి కాబోలు, తెల్లచార తల ఒకటి పైకి లేచింది.

"అది ఓర్ఫా బ్యాడ్జర్ కదా?" అన్నారు షెరీఫుగారు.

"తలైతే ఉందిగా," అన్నాడు డెల్.

వెర్లిన్ నిబంధనకి విలువిచ్చే మనిషి. నా వైపు తిరిగి, "కార్యదర్శీ, పుస్తకం ఏమంటోంది?" అన్నారు. నేను నియమావళి తెరిచి ఏడో నియమం స్పష్టంగా చదివాను. "మేత పొలంలో గొయ్యి తవ్వు జంతువు ఏదైననూ చీడగా పరిగణింపబడును." నా ఉచ్చారణని ఆ తర్వాత అందరూ మెచ్చుకున్నారు. ఓటింగు జరిగింది. పదకొండు చేతులు లేచాయి. పన్నెండో చెయ్యి నాది. అందులో పుస్తకం ఉండడం వల్ల లేవలేదు. యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పిండివంట పళ్ళెంతో ఇంట్లోంచి వస్తున్న ఓర్ఫా దూరంనుంచే వద్దు వద్దని అరుస్తోంది. ఆవిడకి సభ్యత్వం లేదు.

వెర్లిన్ పేల్చింది ఒకే ఒక్క గుండు. నూట ఎనభై గజాలు. సరిగ్గా తెల్లచార మధ్యన.

మేము టోపీలు ఎగరేశాం. ఓర్ఫా గట్టు దాకా నడిచి వెళ్ళి, వంగి చూసి, తిరిగి వచ్చింది. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. మా ప్రాంతంలో పొలానికి వచ్చినవాళ్ళకి తిండి పెట్టకుండా పంపరు. దాన్ని బల్లమీద పెట్టింది.

"ఈ పొలంలో పని చేసేది అదొక్కటేరా వెర్లిన్," అంది. "తినండి. చల్లారిపోతుంది."

తిన్నాం. నాకు సిగ్గేసింది. అయినా రెండో ముక్క అడిగాను, అడక్కపోతే ఆవిడ ఏమనుకుంటుందోనని. ఇవేవీ మినిట్స్‌లో లేవు.

ఆగస్టు కోత తూర్పు మడి వరకే వచ్చింది. అక్టోబరులో ఆవిడ ఆవుల్ని అమ్మేసింది. ఆ రోజు సంఘమంతా కదిలివచ్చి వాటిని లారీల్లోకి ఎక్కించింది. వెర్లిన్ చివరి ఆవు మెడ పట్టుకుని నిజంగానే ఏడ్చారు. మా వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చలికాలంలో ఓర్ఫా ఆ ఇల్లు వదిలి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. పొలాన్ని మా సంఘం అభ్యాసాల కోసం అద్దెకి తీసుకుంది. బ్యాడ్జర్ తల హాల్లో అధ్యక్షుడి కుర్చీ వెనక ఉంది. మార్చిలో ఉడుతలు నిద్ర లేచాయి. బ్యాడ్జర్ లేని పొలంలో వాటి సంఖ్య నిరుటికి రెట్టింపయింది. మేము కాల్చేటప్పుడు గట్టుమీద వరసగా నిలబడి చూస్తుంటాయి. మా గుండ్లు కాగితం మీదికే వెళతాయని వాటికి నమ్మకం కుదిరింది.

ఈ విజయం గురించి చిన్న ప్రకటన వేశాక దేశం నలుమూలలనుంచీ నాకు నలభై రెండు ఉత్తరాలు వచ్చాయి. అందరూ పాళ్ళే అడిగారు.

మీకు కూడా చివర్లో ఇస్తానని మాటిచ్చాను. తప్పను. సీసం, తగరం, మందు, సగం రాగి గిన్నె సహా అన్నీ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ఉంచాను. మీ అడ్రసుతోపాటు, అక్టోబరులో లారీ ఎక్కిన ఓర్ఫా ఆవులు ఎన్నో ఒక్క ముక్క రాసి పంపండి. పైకి వెళ్ళి వెతక్కుండా రాయాలి. ఆ నలభై రెండు మందికీ ఈ కథంతా రాసి, ఇదే జవాబిచ్చాను. కవర్లన్నీ ఇంకా నా బల్లమీదే ఉన్నాయి.