మూరెడు పక్కకు

ఆ శుక్రవారం పొద్దున తాడేపల్లిగూడెంలో తన ఇంట్లో ట్రాక్‌సూట్ ఇస్త్రీ చేసుకుంటూ ఎడ్విన్ మాస్టారు రోజంతటికీ పథకం వేసేసుకున్నాడు. ఏలూరు నుంచి సెలెక్టర్ వస్తాడు. దుర్గాభవాని నాలుగు బంతులు విసురుతుంది. సెలెక్టర్ నోరు వెళ్లబెడతాడు. భోజనాల వేళకల్లా పిల్ల ఉమ్మడి జిల్లా బేస్‌బాల్ జట్టులోనూ, తాను మరుగుదొడ్లకు దూరంగానూ ఉంటారు.

మరుగుదొడ్ల సంగతి చెప్పాలి. ఎడ్విన్ పెంటపాడు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. పేరుకే వ్యాయామం. రోజూ పొద్దున్నే స్కూలు మరుగుదొడ్లను ఫోన్లో ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడమే అతని అసలు ఉద్యోగం. ఈ ఏడు ఒక్క పిల్లయినా జిల్లా జట్టుకు ఎంపికైతే ఆ పని తప్పిస్తానని హెడ్‌మిస్ట్రెస్ స్నేహలత మాటిచ్చింది. ఎవరూ ఎంపిక కాకపోతే బేస్‌బాల్ సామాను అటకెక్కుతుందనీ, మాస్టారు రిటైరయ్యేదాకా నిశ్చింతగా ఫొటోలు తీసుకోవచ్చనీ కూడా చెప్పింది.

పదో తరగతి చదివే దుర్గాభవానిది కొల్లేటికోట. మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. సెలవుల్లో ఊరెళ్లి, చేపల చెరువు గట్టున నిలబడి, చేపల కోసం వాలే పిట్టలను మట్టిబెడ్డలు విసిరి తోలుతుంటే, చుట్టాలింటికి వెళ్లిన ఎడ్విన్ కళ్లారా చూశాడు. ఏం చెయ్యి! స్కూలు తెరవగానే గోడ మీద ఖాళీ డబ్బా పెట్టి బంతి విసిరించాడు. డబ్బా ఎగిరిపడింది. ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లూ ఎగిరిపడింది. బంతి పట్టేవాళ్లకని కొన్న కొత్త మాస్కూ గ్లోవూ సెలెక్టర్ వచ్చేదాకా నలగకూడదని రోజూ డబ్బా మీదే సాధన చేయించాడు.

సెలెక్టర్ అచ్యుతరావు గారు మెత్తటి మనిషి. స్కూలు మైదానంలో చెట్టు కింద కుర్చీలో కూర్చుని, "కానివ్వండి మాస్టారూ. బ్యాట్ పట్టుకునే పిల్ల ఎవరండీ?" అన్నాడు.

"ఎందుకండీ? మీరు విసరడం ఒక్కటే చూడండి," అన్నాడు ఎడ్విన్. బ్యాట్ పట్టుకున్న పిల్ల పొరపాటున బంతిని కొట్టేస్తే పరువు పోతుందని అతని భయం. అది తెలివనుకున్నాడు పాపం.

తులసి అనే పిల్ల మాస్కు పెట్టుకుని, బంతి పట్టడానికి నేల మీద పరిచిన తెల్ల పలక వెనక గొంతుక్కూచుంది. బ్యాట్ పట్టేవాళ్లు నిలబడేది ఆ పలక పక్కనే. దుర్గాభవాని విసిరింది. బంతి రివ్వున వచ్చి, తులసికి మూరెడు పక్కనుంచి దూసుకుపోయింది. రెండో బంతీ అంతే. మూడోదీ అటే, అంతే దూరం.

"కంగారులెండి," అన్నాడు ఎడ్విన్. తులసిని లేపి, అక్కడ బకెట్ పెట్టించాడు. దుర్గాభవాని విసిరిన బంతికి బకెట్ రెండు చెక్కలైంది.

"చూశారా అండీ!"

"చూశానండీ. మ్యాచ్‌లో బకెట్‌ని ఆడనివ్వరు కదండీ," అన్నాడు అచ్యుతరావు ఎంతో మర్యాదగా.

ఎడ్విన్ పరుగున వెళ్లి తానే గ్లోవు తొడుక్కుని కూచున్నాడు. ఈసారి బంతి అతని చెయ్యి దాటి, మైదానం దాటి, వంటమనిషి పాపమ్మ వరండాలో పేర్చిన కోడిగుడ్ల అట్టల్లో దిగబడింది.

"బాబోయ్! పిల్లల గుడ్లండీ!" పాపమ్మ కేకకు హెడ్‌మిస్ట్రెస్ ఆఫీసులోంచి బయటికి వచ్చింది. ఆ చూపు మైదానం ఈ చివరికి కూడా తగిలింది.

ఎడ్విన్ దుర్గాభవాని దగ్గరికి వెళ్లాడు. "ఏమైందమ్మా? నామీద కోపమా?"

"అయ్యో, కోపమేంటండీ!" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎదురుగా ప్రాణమున్నది ఉంటే చెయ్యి దానంతటదే పక్కకి పోతందండీ. పిట్ట ఎగిరిపోవాలి గానీ దెబ్బ తగలకూడదండీ. కొల్లేటి పిట్టలు కదండీ, తగిలితే ఫారెస్టోళ్ల కేసులండీ, పాపమండీ. మూరెడు పక్కకెయ్యమని మా తాత చిన్నప్పుడే అలవాటు చేశాడండీ. డబ్బాకైతే ఏం కాదు కదండీ!"

ఎడ్విన్ అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. నెల రోజులు ఈ పిల్లను మెచ్చుకున్నాడే గానీ, చెరువు గట్టున ఒక్క పిట్టయినా కింద పడిందా అని ఆలోచించలేదు. ఇక జీవితమంతా మరుగుదొడ్లే. ప్రభువు కూడా ఆదుకునే దారి కనపడలేదు.

దాంతో మనిషికి తెగింపు వచ్చేసింది. మూల పడి ఉన్న బ్యాట్ తీసుకుని, తులసిని మళ్లీ వెనక కూచోమని, తాను తెల్ల పలక పక్కన నిలబడ్డాడు.

"నన్నే చూడు. నన్నే కొట్టు! నా పీడా వదిలిపోతుంది!"

"వద్దండీ మాస్టారండీ!"

"కొట్టమన్నానా!"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గాలి చెంపకు తగిలింది, బంతి తగల్లేదు. వెనక తులసి గ్లోవులో టప్పున చప్పుడైంది.

"నన్ను కొట్టమ్మా, నీకు పుణ్యముంటుంది!" అని బతిమాలాడు. మళ్లీ టప్పు. ఏడుపు గొంతుతో ఇంకోసారి అరిచాడు. మళ్లీ అదే చప్పుడు.

కుర్చీ వెనక్కి పడిన శబ్దమైంది. ఎడ్విన్ కళ్లు తెరిచేసరికి సెలెక్టర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"బ్యాట్ పట్టుకున్న మనిషికి మూరెడు పక్కన ఏముంటుందండీ? తెల్ల పలకే కదండీ! బ్యాట్‌కి తగలకుండా దాని మీదుగా పోతేనే కదండీ స్ట్రైకు! మూడు స్ట్రైకులండీ మాస్టారూ. మీరు ఔటు, అమ్మాయి సెలెక్టు."

దుర్గాభవాని అప్పుడు ఏడ్చింది. ఎడ్విన్ అంతకు ముందే మొదలుపెట్టాడు.

హెడ్‌మిస్ట్రెస్ మాట మీద నిలబడే మనిషి. ఆ సాయంత్రమే ఎడ్విన్‌ను మరుగుదొడ్ల ఫొటోల పని నుంచి తప్పించి, కోడిగుడ్ల ఫొటోల పని అప్పగించింది.