మాజీ మంత్రిగారి ప్రపంచ యాత్ర

"ప్రపంచమే నా కుటుంబం. వచ్చే నెల సతీసమేతంగా ఆ కుటుంబాన్ని పలకరించి వస్తాను" అని మాజీ హోంమంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి మరీ ప్రకటించారు. టికెట్లు తీసే భాగ్యం మా ట్రావెల్స్‌కి దక్కింది.

మర్నాడే మంత్రిగారు, అమ్మగారు, వారి లాయరు మా షాపుకి వేంచేశారు. అప్పటికే ఒక టీచరమ్మ అక్కడ కూర్చుని ఉంది. ఆరేళ్ల కిందట ఆవిడ భర్తను పోలీసులు విచారణకని తీసుకెళ్లారు. విచారణ ఇంకా పూర్తయినట్టు లేదు, ఆయన తిరిగి రాలేదు. పరదేశంలో ఒక కోర్టు ఆవిడ మాట వింటానంటే బయల్దేరుతోంది. మంత్రిగారు లోపలికొచ్చినా ఆవిడ లేవలేదు. ఆయన ఏమీ అనుకోలేదు. అంత నిగర్వి.

అమ్మగారు మంచు చూడాలన్నారు. నేనో దేశం పేరు చెప్పాను.

"అక్కడొద్దు. దిగగానే పట్టుకుంటారు" అన్నాడు లాయరు.

"నన్నా? ఎందుకు?"

"మీ హయాంలో మనుషులు మాయమయ్యారు కదండీ. అది అంతర్జాతీయ నేరమట."

"మాయమైంది ఇక్కడ కదయ్యా! మధ్యలో వాళ్లకేం పని?"

"అలాంటి నేరాన్ని ఏ దేశమైనా విచారించొచ్చంటున్నారు సార్."

"ఎంత అన్యాయం! వారెంటు లేకుండా మనిషిని పట్టుకుపోతారా?"

"వారెంటు చూపించే పట్టుకెళతారండి."

మంత్రిగారు ఆశ్చర్యపోయారు. "లాయర్ని పెట్టుకోనిస్తారా?"

"ఇస్తారు."

"ఇంటికి కబురు చేస్తారా?"

"చేస్తారండి."

"మరీ విడ్డూరంగా ఉందే!"

అమ్మగారు టీచరమ్మ వైపు చూశారు. టీచరమ్మ తన టికెట్ వైపు చూసుకుంది.

మధ్యాహ్నం దాకా మ్యాపు మీద ఒక్కో దేశమే కొట్టేసుకుంటూ వచ్చాం. చివరికి ఓ చిన్న దీవి మిగిలింది. కానీ విమానం దారిలో మేం కొట్టేసిన దేశాల్లోనే ఒకచోట ఆగుతుంది.

"నేను సీట్లోంచి లేవనయ్యా!"

"వాళ్లే విమానంలోకి వస్తారండి."

సాయంత్రానికి మంత్రిగారి ప్రకటన వెలువడింది: "మాతృభూమిని క్షణమైనా విడిచి ఉండలేను." పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ వారంలోనే పదకొండుమంది రిటైర్డ్ పోలీసు అధికారులు అదే దేశభక్తితో మా దగ్గర టికెట్లు రద్దు చేయించుకున్నారు.

అమ్మగారు మాత్రం "నామీద కేసేం లేదుగా? నేనెళతా" అన్నారు. టీచరమ్మ పక్క సీటే కావాలన్నారు. తొమ్మిది గంటల ప్రయాణం.

వెళ్లిన నాలుగోనాడు ఫోన్ చేశారు.

"బాబూ, నా తిరుగు టికెట్ ఓ పదిరోజుల తర్వాతకి మార్చు."

"చూడాల్సినవి చాలా ఉన్నాయా అమ్మగారూ?"

"ఇంకా ఏమీ చూళ్లేదు. టీచరమ్మకి తోడుగా కోర్టుకొచ్చా. వాళ్లాయన్ని తీసుకెళ్లిన రోజు మావారు ఫోన్లో ఎవరికేం చెప్పారో నాకు మాట మాటా గుర్తుందన్నాను. పాపం, వెంటనే కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు."

"మంత్రిగారికేం చెప్పమంటారు?"

"ఏం చెప్పక్కర్లేదు. ఆయన రోజూ పేపరు చదువుతారుగా."