ఆదివారం ఆలుమగలు

విజేతల మీద పుస్తకం రాసిన రచయితగారు వస్తున్నారన్న శుభవార్త ప్రజా విజయాల శాఖకి ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు అందింది. ఫోను పెట్టేసిన మంత్రిగారు కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి వెనక్కొచ్చి, గదిలో ఉన్న ఐదుగురికీ ఒక నిర్ణయం వినిపించారు.

"మన శాఖలో అపజయాన్ని రద్దు చేస్తున్నాను."

సెక్రటరీగారు కలం తీశారు. "ఏ తేదీ నుంచి సార్?"

"వెంటనే. పాత అపజయాలకి కూడా వర్తిస్తుంది."

ఇలాంటి సాహసం ఇంతకుముందు ఏ మంత్రీ చెయ్యలేదు. ఆ ఐదుగురిలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది టైపిస్టు. ఆమెకి పెళ్ళయి నలభై ఏడు రోజులైంది కాబట్టి ఆఫీసులో అందరూ కొత్త పెళ్ళికూతురనే పిలుస్తారు. భర్త ఇదే శాఖలో సర్వేయరు. అతనుండే ఊరు ఇక్కడికి బస్సులో ఆరు గంటల ప్రయాణం. ఆదివారం పొద్దున్నే దిగుతాడు, సాయంత్రం మళ్ళీ బస్సెక్కుతాడు. పెళ్ళి సెలవు తీసేస్తే వాళ్ళ కాపురం వయసు ఆరు ఆదివారాలు. అతన్ని ఈ ఊరికి బదిలీ చెయ్యమన్న ఫైలు మంత్రిగారి బల్ల మీద నెల్లాళ్ళుగా సంతకం కోసం పడుకుని ఉంది.

అయినా ఆమె మొహంలో వెలుగు తగ్గదు. ఇద్దరూ కలిసి కొన్న నీలం బకెట్టు నిండుతుంటే చూడటం ఆమెకొక వేడుక. అతను మరిచిపోయి వెళ్ళిన ఒంటి మేజోడు మంచం కింద దొరికిందా, ఇక ఆ మంగళవారమంతా పండగే.

మంత్రిగారు ఆ పూట మంచి ఊపులో ఉన్నారు. ఫైలు వైపు వేలు చూపించి, "అమ్మాయ్, రచయితగారు రావడం, ఆయన మెచ్చుకోవడం, నీ ఫైలు మీద నా సంతకం. అన్నీ ఒక్కరోజే. సరేనా?" అన్నారు.

"చాలా థాంక్సండీ సార్!" అందామె. మెట్లు రెండేసి చొప్పున దిగి భర్తకి ఫోన్ చేసి, అతను హలో అనకముందే, "ఏమండీ, రెండో బకెట్టు కొనేద్దామా?" అని అడిగింది.

రచయితగారి పుస్తకం లక్షల కాపీలు అమ్ముడుపోయింది. సమాజం ఎలా నడుస్తుంది, కొందరే ఎందుకు గెలుస్తారు అన్నది విషయం. శాఖలో అందరి బల్లల మీదా ఒక కాపీ ఉంది, ఎవరూ తెరవలేదు. దాని సారాంశం కావాలని మంత్రిగారు సెక్రటరీని అడిగారు. సెక్రటరీ డిప్యూటీని అడిగారు. డిప్యూటీ అడిగిన సూపరింటెండెంటు నేరుగా టైపిస్టు దగ్గరికి వచ్చాడు.

"కొత్త పెళ్ళికూతురా, సాయంత్రాలు నీకు ఖాళీయే కదమ్మా. చదివి పెట్టు, పుణ్యముంటుంది."

ఆమె మూడు వందల పేజీలూ ఇష్టంగా చదివింది. రచయితగారు ఒక చెప్పుల వ్యాపారిని కలిశారు. ఆయన ప్రతి సమావేశంలోనూ మూడో కుర్చీలో కూర్చుంటాడు. తర్వాత ఒక పెద్ద డాక్టరుని కలిశారు. ఆయనా అంతే. ఇంకేం కావాలి? ఎంత చక్కగా రాశారంటే, ఆ ఇద్దరూ నిలబడి ఉన్నా గెలిచేవాళ్ళేమో అన్న అనుమానం పుస్తకం మూసేదాకా రాదు. ఆమె నాలుగు పేజీల సారాంశం రాసింది. సూపరింటెండెంటు దాన్ని ఒక పేజీ చేశాడు, డిప్యూటీ అర పేజీ చేశారు. మంత్రిగారి చేతికి వచ్చేసరికి ఒక్క వాక్యం మిగిలింది: విజేతలు మూడో కుర్చీలో కూర్చుంటారు.

మంత్రిగారు దాన్ని రెండుసార్లు చదివి, "పెద్ద పుస్తకమే," అన్నారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ప్రతి గదిలోనూ మూడో కుర్చీ మాత్రమే ఉంచి, మొదటి రెండూ తొలగించాలి. స్టోర్‌ కీపరుకి మాత్రం సందేహం వచ్చింది.

"సార్, రెండు తీసేస్తే మూడోది మొదటిదైపోతుంది కదండీ?"

"అవుతుందా?" అన్నారు సెక్రటరీగారు.

"అవుతుందండీ. మొదటిదవ్వగానే ఉత్తర్వు ప్రకారం దాన్నీ తీసెయ్యాలండీ."

దీని మీద కమిటీ వేశారు. కమిటీ రెండు రోజులు నిలబడి చర్చించి, అన్ని కుర్చీల వీపు మీదా ఎర్ర రంగుతో మూడు అంకె వేస్తే సరిపోతుందని తేల్చింది. శాఖలో ఇప్పుడు మూడో కుర్చీలు తొమ్మిది వందల నలభై ఉన్నాయి. ఇంత వేగంగా పూర్తయిన పని ఆ భవనం ఇంతకుముందు చూడలేదు.

శనివారం మధ్యాహ్నం రచయితగారు వచ్చారు. నల్ల చొక్కా, మెత్తటి గొంతు, జేబులో చిన్న నోటుపుస్తకం. వరండా పొడుగునా అంకెలు చూసి, "నా సిద్ధాంతం రుజువైంది," అన్నారు వినయంగా. రంగు ఇంకా ఆరకపోవడంతో, కూర్చుని లేచిన పెద్దలందరి వీపుల మీదా కూడా రుజువైంది.

తిరిగి వెళ్ళబోతూ ఆయన టైపిస్టు బల్ల దగ్గర ఆగారు. అంత పెద్ద గదిలో కూనిరాగం తీస్తూ పనిచేస్తున్నది ఆమె ఒక్కతే.

"ఇంత సంతోషంగా ఉన్నావు. రహస్యమేమిటమ్మా?"

ఆమె మొహం విప్పారింది. "మావారండీ! వేరే ఊళ్ళో ఉంటారు. రేపు ఆదివారం కదా, వస్తారు. వారమంతా ఆ బస్సు కోసమే చూస్తానండీ. అందుకే ఆయన్ని ఇక్కడికే..."

"ఒక్క నిమిషం." రచయితగారు అప్పటికే నోటుపుస్తకం తెరిచేశారు. "రోజూ కలిసి ఉండే దంపతులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఉన్నారు. రికార్డు గదిలో భార్యాభర్తలిద్దరూ పక్కపక్క బల్లల దగ్గరే పనిచేస్తారు. పొద్దున గొడుగు ఎవరు మరిచారన్న గొడవతో ఇద్దరికీ అప్పటిదాకా మాటల్లేవు.

"మీరు సంతోషంగా ఉన్నారా?" అడిగారు రచయితగారు.

"ఆవిణ్ణి అడగండి," అన్నాడు భర్త.

"ఆయన్నే చెప్పమనండి, అన్నీ తెలిసిన మనిషి," అంది భార్య.

రచయితగారు రెండు పేజీలు గబగబా నింపారు. సెక్రటరీగారు మెల్లగా, "సార్, రెండు జంటలు సరిపోతాయాండీ?" అన్నారు.

"పుస్తకానికి రెండు ఎక్కువే."

"కాదండీ, నేను చెప్పేది ఏమిటంటే," అని టైపిస్టు లేచి నిలబడింది. "ఆయన ఇక్కడే ఉంటే ఇంకా..."

అప్పటికే మంత్రిగారు ఆమె ఫైలు తెప్పించి కలం మూత తీశారు. కాపురం ఎదురుగా కనిపిస్తుంటే ఆమె రెండు చేతులూ చాచింది. ఆయన రెండు వాక్యాలు రాసి, కింద పొడుగాటి సంతకం చేసి, ఫైలు ఆమె చేతిలో పెట్టారు.

భర్తకి బదిలీ అయింది. బస్సులో పదమూడు గంటల దూరం ఉన్న ఊరికి.

"ఆరు గంటల దూరానికే ఇంత సంతోషం ఉంటే..." అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. ఆ తర్వాత అందరివైపూ తిరిగి గొంతు సవరించుకున్నారు. "మన శాఖలో రెండు వందల పన్నెండు జంటలున్నాయి. రేపు పదింటికి సభ పెట్టి అందరికీ చెరో ఊరికి బదిలీ ఉత్తర్వులు అందజేద్దాం. అమ్మాయ్, టైపు చెయ్యడానికి నువ్వు ఏడింటికల్లా వచ్చెయ్. మొదటి ఉత్తర్వు మీ ఆయనకే. బస్సు దిగగానే నా కారే ఆయన్ని సభకి తీసుకొస్తుంది."