పది గంటల నాలుగు నిమిషాలు

ఆ ఉదయం సూపర్‌వైజరు పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదికల్లా, తయారీ లైను మొదలవకముందే, సబ్బుల ఫ్యాక్టరీకి చేరాలి. కరెంటు ప్యానెల్‌లో హెచ్చుతగ్గులు రాసుకోడానికి వారంగా తగిలించి ఉంచిన పవర్ ఎనలైజర్‌లోంచి మెమరీ కార్డు తీయాలి. తప్పంతా బయటినుంచి వచ్చే కరెంటుదేనని మేనేజరుకు గ్రాఫు చూపించి నిరూపించాలి. నెల రోజులుగా రోజూ పది దాటగానే లైను ఉన్నట్టుండి ఆగిపోతోంది. గొట్టాల్లో గడ్డకట్టిన సబ్బును గీకేసరికి మధ్యాహ్నమవుతోంది. ఇవాళ కారణం తేల్చకపోతే ప్యానెల్‌ను బయటివాళ్ళకు అప్పగించి, ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెడతానని మేనేజరు చెప్పేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్యానెల్ మీద ఇంకొకరి చెయ్యి పడలేదు.

చెప్పులు వేసుకుంటూ ఉంటే భార్య వంటింట్లోంచి అంది. "తలుపు కాస్త మెల్లగా వేయండి. గోడ గడియారం మళ్ళీ ఆగిపోయింది."

"మీ తమ్ముడు కొన్న గడియారం ఆగక ఏం చేస్తుంది?" అంటూ ఆయన తలుపు వేశాడు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

ఫ్యాక్టరీలో ఆయన్ని చాటుగా హైటెన్షన్ అంటారు. ఎనలైజర్ పెట్టడం ఇది మూడోసారి. మొదటిసారి సెకనుకోసారి కొలత రాసుకునేలా పెట్టడంతో మెమరీ ఒక్కరోజుకే నిండింది. మిగతా ఆరు రోజులూ అది ఊరికే వేలాడింది. రెండోసారి స్టోర్‌కీపరు టీ కెటిల్ కోసం దాని ప్లగ్గు పీకాడు. అది చూసిన ఆవేశంలో సూపర్‌వైజరు రికార్డింగు ఆపకుండానే కార్డు లాగేశాడు. అప్పటిదాకా చేరిన నాలుగు రోజుల ఫైలూ పాడైంది. నిందంతా కెటిల్ మీద పడింది. మూడోసారి ఆయన ప్యానెల్‌కు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, "ముట్టుకుంటే ఊరుకోను" అని కాగితం అంటించాడు. ఎవరూ ముట్టుకోలేదు.

కార్డు క్షేమంగా బయటికొచ్చింది. కొత్త కార్డు పెట్టి, రికార్డింగు మళ్ళీ మొదలుపెట్టి, ఆయన మేనేజరు గదికి వెళ్ళాడు. కంప్యూటర్లో వోల్టేజి గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. కరెంటు గీత మాత్రం దాదాపు రోజూ ఒకే వేళకు సున్నాకు పడిపోయింది. 10:04. 10:06. 10:03.

"బయటి కరెంటుకు ఏ రోగమూ లేదు. తేడా మన ప్యానెల్‌లోనే ఉంది," అన్నాడు మేనేజరు.

సూపర్‌వైజరు ముఖం జేవురించింది. ఎవరో కావాలని ప్యానెల్ తలుపు తెరిచి లైను ఆపుతున్నారన్నాడు. కెటిల్ మనిషినే పిలిపించమన్నాడు. ప్యానెల్ తెరిచి మీటర్లు చూసినప్పుడల్లా రాసే రీడింగుల పుస్తకం కూడా తెమ్మన్నాడు, ఆ వేళకు ఎవరున్నారో అందులోనే తేలిపోతుందని.

స్టోర్‌కీపరు పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచాడు. పది గంటల మూడు, అయిదు, రెండు నిమిషాలకు రీడింగులు. గ్రాఫులో గీత పడింది ఆ తర్వాతి నిమిషానికే. అన్నిటి పక్కనా ఒకటే సంతకం. బుధవారం ఖాళీ. గ్రాఫులో బుధవారం గీత ఎక్కడా పడలేదు.

"అన్నా," అన్నాడు స్టోర్‌కీపరు మెల్లగా, "బుధవారం నువ్వు పన్ను పీకించుకోడానికి వెళ్ళావు కదా."

కోపంలో ఉన్న మనిషికి దోషులు ఎందరైనా కనిపిస్తారు. తన చెయ్యి మాత్రం కనిపించదు. సూపర్‌వైజరు చాలాసేపు తన చేతినే చూసుకున్నాడు.

ముగ్గురూ ప్యానెల్ దగ్గరికి నడిచారు. లైను నడుస్తోంది. సూపర్‌వైజరు తాళం తీసి, తలుపు తెరిచి, పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపులా మూశాడు. లైను నడుస్తూనే ఉంది.

"నెల రోజులు," అన్నాడు మేనేజరు. "నెల రోజుల సబ్బు. తలుపు విసరకుండా వేయడం చేతకాకనా?" తలుపు మళ్ళీ తెరిచి, ఎలా వేస్తే అలా జరుగుతుందో చూపించబోయి, ఆ కోపంలో బలమంతా పెట్టి విసిరాడు.

లైను ఆగిపోయింది.

లోపల ఒక తీగను పట్టి ఉంచే మర వదులై వేలాడుతోంది. తలుపు గట్టిగా పడ్డప్పుడల్లా ఆ అదురుకు తీగ విడిపోయేదన్నమాట. సూపర్‌వైజరు స్క్రూడ్రైవరుతో బిగించాడు. ఎనలైజర్ 11:17కు పడిన గీతనూ మిగతావాటిలాగే దాచుకుంది. అది ఎవరి చెయ్యి అని అడగలేదు. మేనేజరు ఆ అంకెను కాసేపు చూసి, నివేదిక తనే రాస్తానన్నాడు. "కారణం: వదులైన మర. బిగించడమైనది." అందులో తలుపు మాట లేదు, మనిషి మాట లేదు. బయటివాళ్ళ మాటా, గేటు మాటా మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి సూపర్‌వైజరు ఇంటి తలుపు చప్పుడు లేకుండా వేస్తున్నాడు. గడియారం ఆగడం లేదు. ఈ సంగతి బావమరిదికి మాత్రం ఇంకా చెప్పలేదు.