బొగ్గు కంపెనీ వారి కొబ్బరిచెట్టు

తమ కాలుష్యాన్ని త్వరలోనే సున్నా చేసేస్తామని కృష్ణవర్ణ బొగ్గు గనుల కంపెనీవారు సగర్వంగా ప్రకటించారు. తవ్వకం మాత్రం రెట్టింపు చేస్తారు. ఈ రెంటికీ పొంతన లేదనేవారు లోకజ్ఞానం లేనివారు. పొగ వదిలేది కంపెనీ, పీల్చేది కోనసీమ కొబ్బరిచెట్లు. పని ఎంత చక్కగా పంచుకున్నారో చూడండి.

అలా పీల్చే భాగ్యం మామిడికుదురు దగ్గర ఇడ్లీకొట్టు నడుపుకునే సీతారత్నం చెట్లకు దక్కింది. ఇంటి వెనక ఆమెకు చిన్న తోట ఉంది. కంపెనీ వాతావరణ అధికారి సుధీర్ కారు దిగి, ఒక చెట్టును కౌగిలించుకుని ఫోటో తీయించుకున్నాడు. తర్వాత ప్రేమకు గుర్తుగా ప్రతి చెట్టుకూ ఒక ఆకుపచ్చ రేకు మేకుతో కొట్టించాడు.

"మీ గనులెక్కడో ఉన్నాయి కదండీ. ఆ పొగ మా చెట్లదాకా ఎలా వస్తాదండీ?" అని అడిగింది సీతారత్నం.

"గాలికి జిల్లాలుండవమ్మా."

అంత పెద్దమాట విన్నాక ఇంకేం అడుగుతుంది? పైగా చెట్లకు పట్టిన తెల్లదోమకు మందు కొట్టిస్తామన్నారు. "ఆయ్" అంది. చెట్లు కంపెనీ లెక్కలోకి ఎక్కాయి; ఇక వారినడక్కుండా ఒక్కటీ కొట్టకూడదు.

కొన్నాళ్లకు కంపెనీ పర్యవేక్షణ బృందం దిగింది. ఘోరం బయటపడింది. సీతారత్నం పొయ్యిలో కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు మండుతున్నాయి! పొగ లేస్తోంది, అదీ అనుమతి లేకుండా. వెంటనే ఆ మంట ఆర్పించి, కరెంటు పొయ్యి బహూకరించారు.

పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు కృపారావు గారు ఉండబట్టలేక, "ఈ కరెంటు మీ బొగ్గుతోనే పుడతాది కదండీ?" అన్నారు.

"పుట్టినా ఆ పొగ మీ ఊళ్లో రాదు కదా మాస్టారూ," అన్నాడు సుధీర్.

"గాలికి జిల్లాలుండవన్నారు?"

"అది చెట్ల విషయంలోనండీ."

తోటలో ఒక ముసలిచెట్టు వంటింటి మీదికి వాలి ఉండేది. తుఫాను హెచ్చరిక వినగానే సీతారత్నానికి ముందు ఆ చెట్టే గుర్తొచ్చింది. కొట్టించేసుకుంటానని సుధీర్‌కు ఫోన్ చేసింది.

"అలా చేస్తే ఆ చెట్టు భారం మా గని మీద పడుతుందమ్మా."

"చేయకపోతే చెట్టే నా వంటింటి మీద పడతాదండీ బాబూ!"

ఆమె ఆవేదనను ఉన్నతస్థాయికి తీసుకెళ్తానని సుధీర్ హామీ ఇచ్చాడు. ఉన్నతస్థాయి నుంచి జవాబు దిగేలోపే తుఫాను గాలికి చెట్టు దిగింది. కరెంటు పోయినందువల్ల సీతారత్నం పిండి రుబ్బుకోవడానికి కృపారావు గారింటి రోలు దగ్గరకు వెళ్లింది గనుక బతికింది. వచ్చి చూస్తే పెంకులు, గోడ, ఇడ్లీపాత్రలు ఒకే కుప్పగా ఉన్నాయి. గడపలోనే కూలబడిపోయింది.

కంపెనీ తక్షణమే స్పందించింది. వచ్చి చెట్టును పరామర్శించింది. కోసినా, కాల్చినా అది ఇన్నాళ్లూ పీల్చిందంతా బయటికొచ్చేస్తుంది గనుక పడినచోటే భద్రంగా ఉంచమని ఆదేశించింది. "అసలు పడిపోలేదమ్మా, అడ్డంగా నిలబడి ఉంది," అని సుధీర్ ఆమెకు నచ్చజెప్పాడు. చెట్టు కింద ఉన్న వంటిల్లు మాత్రం పర్యావరణం కిందికి రాదట.

ఆ తర్వాత అమలాపురంలో సీతారత్నానికి హరిత సన్మానసభ జరిగింది. మండపంలో ఏసీలు ఎంత చల్లగా పనిచేశాయంటే, భూతాపం గురించి మాట్లాడినవారంతా కోట్లు తొడుక్కోవాల్సి వచ్చింది.

"బొగ్గు కూడా ఒకప్పుడు చెట్టే!" అని గర్జించారు చైర్మన్ గారు. "మీరు చెట్లను పెంచుతున్నారు. మేము చెట్లను తవ్వుతున్నాము. మనది ఒకే కుటుంబం!"

శాలువా కప్పబోతే సీతారత్నం చేయి అడ్డం పెట్టింది. "నాకిది వద్దండీ. మా వంటింటి మీద చెట్టు తీయించండి బాబూ. ఆ పూట ఇంట్లో ఉంటే చచ్చిపోయుందును..." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"చెట్టును తలచుకుని ఎలా కన్నీరు పెడుతున్నారో చూడండి!" అన్నాడు వ్యాఖ్యాత. చప్పట్లు మోగిపోయాయి.

సభ ముగిశాక ఊరి పెద్దలు సుధీర్‌ను చుట్టుముట్టారు. ఆమె చెట్టు సంగతి అడగడానికి కాదు. తమ తోటలు కూడా రాసుకోమని. తోటలు లేనివారు పెరట్లోని కరివేపాకు మొక్క పనికొస్తుందేమో చూడమన్నారు.

మర్నాడు సీతారత్నం గొడ్డలి అరువు తెచ్చుకుంది. కృపారావు గారు చొక్కా చేతులు మడిచారు.

"కంపెనీవారు ఏమంటారోనండీ మాస్టారూ."

"మనం కొట్టేది పడిపోయిన చెట్టునమ్మా. వాళ్ల చెట్టు నిలబడే ఉంది కదా. కొట్టు!"

సాయంత్రానికి వంటింటికి ఆకాశం కనిపించింది. కంపెనీ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. వారి వార్షిక నివేదికలో ఆ చెట్టు ఇప్పటికీ పచ్చగా గాలి పీలుస్తోంది.

సీతారత్నం టార్పాలిన్ కట్టుకుని రోడ్డువారన మళ్లీ డొక్కలపొయ్యి ముట్టించింది. ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. లోపలి చల్లదనం పోకుండా ఇంజను ఆన్‌లోనే ఉంది. అద్దం కొంచెం దిగింది. ఇడ్లీలు ప్లాస్టిక్ కవర్లో కట్టమన్నారు. పొగ ముక్కుకు తగిలిందేమో, ఎంతో బాధపడ్డారు.

"మీలాంటివాళ్ల పొయ్యిల వల్లేనమ్మా ఎండలు ఇలా ముదిరిపోతున్నాయి!"

అద్దం పైకి లేచింది. కారెవరిదో చెప్పను. ఎదురుగా కూర్చుని చదువుతున్నవారిని నొప్పించడం కోనసీమ మర్యాద కాదండీ.