బతుకమ్మ నడుమ బ్యాటరీ కారు

పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మనాడు పొద్దున్నే స్వరాజ్యం బంతిపూల బస్తా ముందేసుకుని కూర్చుంది. ఏటా బతుకమ్మను పట్టుకుని మనవాళ్లుండే సలాబత్‌పురా గల్లీలకు పోయేది. ఈసారి అడాజన్‌లో తాముండే గుజరాతీ ఫ్లాట్ల సొసైటీ గ్రౌండు కోసం సెక్రటరీ హస్‌ముఖ్‌భాయ్ వెంటపడి ఒప్పించింది. పేరుకే హస్‌ముఖ్, అంటే నవ్వుమొహం, గానీ ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. "ఈ ఒక్కరోజే. గడబిడ అయితే ఇంకెప్పుడూ అడగొద్దు, బెన్" అన్నాడు.

అంతలో మగ్గాల కార్ఖానా నడిపే ఆమె మొగుడు బిక్షపతికి కారు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. వాళ్ల ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు అంటుకునే ప్రమాదముందట. చార్జింగ్ పెట్టొద్దట, ఇళ్లకు దూరంగా ఆరుబయట నిలపాలట, సాయంత్రం లారీ వచ్చి తీసుకుపోతుందట. పాపం బిక్షపతి, ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంటూ కారును సెల్లార్‌లోంచి తెచ్చి, ఏ వింగు వాళ్లూ తిట్టకుండా గ్రౌండు నట్టనడుమ నిలబెట్టాడు.

"ఏందయ్యా గిది! బతుకమ్మలు యాడ పెట్టాలె?" స్వరాజ్యం నెత్తి కొట్టుకుంది.

"లారీ అచ్చి తీస్కపోతది, జర ఆగరాదే. ఇగ దాన్ని ముట్టుకునుడు నాతోని కాదు."

సాయంత్రమైంది, లారీ రాలేదు. సలాబత్‌పురా ఆడవాళ్లు వచ్చారు. అందరికంటే ముందు వెంకటవ్వ. ముసలామెకు సంగతేం తెలుసు? మిలమిలలాడే కారును చూసి మురిసిపోయింది.

"శెబాష్ బిడ్డా! కొత్త బండికి గూడ పండుగనా!" అంటూ తన బతుకమ్మను బానెట్ మీద కూర్చోబెట్టింది. పెద్దమనిషే పెట్టాక మిగతావాళ్లు ఆగుతారా? కారు పూలలో మునిగిపోయింది. పాట మొదలైంది.

స్వరాజ్యం ఇరుకున పడింది. నిజం చెబితే పరుగులు, గడబిడ, గ్రౌండు గోవిందా. చెప్పకపోతే ఎవరికేమవుతుందోనని భయం. "జర దూరం జరుగుండ్రమ్మా! ఇంకా దూరం!" అని అరిచింది. వలయం పెద్దదైంది. పెద్దదయ్యేసరికి మనుషులు చాలలేదు. వాళ్ల చప్పట్ల ఆట గరబా రేపటి నుంచే కదా, చేతులు దురదపెడుతున్న గుజరాతీ ఆడవాళ్లు ఫ్లాట్లలోంచి దిగివచ్చి కలిశారు.

అప్పుడొచ్చింది లారీ. హెల్మెట్లు, గ్లౌజులు వేసుకుని, మంటలార్పే సిలిండర్‌తో ఇద్దరు దిగారు. వెనకే హస్‌ముఖ్‌భాయ్.

"యే క్యా హై, బెన్?"

బిక్షపతి వెంకటవ్వ చాటుకు పోయాడు. ఇక దాచి లాభం లేదని స్వరాజ్యం ఉన్నదంతా చెప్పేసింది. అయిపోయింది, వచ్చే ఏడు మళ్లీ సలాబత్‌పురాయే అనుకుంది.

కంపెనీ మనిషి పూలు పక్కకు జరిపి మిషను పెట్టి చూశాడు. "బ్యాటరీ చల్లగా ఉంది. అయినా తీసుకుపోయి మార్చి ఇస్తాం" అన్నాడు. హస్‌ముఖ్‌భాయ్ కారును చూశాడు, పూలను చూశాడు, వేలితో బానెట్ తాకి చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టింది ఆయనే. మొహం నిండా నవ్వు.

"మీ బతుకమ్మ చల్లని తల్లి. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ దాకా గ్రౌండు మీదే, బెన్. ఒకటే షరతు."

సాయంత్రానికి గ్రౌండు నట్టనడుమ, శుభ్రంగా కడిగి, హస్‌ముఖ్‌భాయ్ కారు నిలబెట్టి ఉంది. అది పెట్రోలు బండి.